లకుముకి వెనకాల మెట్టు

నా చొక్కా జేబులో ఇప్పటికీ టేపు ఉంటుంది. కూరగాయలకు వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా ఉంటుంది. కొందరి జేబులో దువ్వెన ఉన్నట్టే ఇదీ. సినిమాల్లో నా పని ఫోకస్ పుల్లర్. అంటే ఏమిటని చుట్టాలు అడిగినప్పుడల్లా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, చివరికి కెమెరా డిపార్టుమెంటు అని ఊరుకునేవాణ్ణి. ఇక్కడ మాత్రం చెప్పక తప్పదు. కెమెరా లెన్సు నుంచి ఆర్టిస్టు కంటి దాకా టేపు పట్టి దూరం కొలుస్తాం. ఆ దూరాన్ని లెన్సు మీదున్న రింగులో పెడతాం. ఆర్టిస్టు రెండడుగులు ముందుకొస్తే రింగునీ అంతే తిప్పుతాం. అప్పుడే మొహం స్పష్టంగా ఉంటుంది, లేకపోతే మసకేస్తుంది. సరిగ్గా చేస్తే అలాంటి పని ఒకటుందని కూడా ఎవరికీ తెలియదు. తప్పు చేస్తే యూనిట్ మొత్తానికి తెలుస్తుంది.

ఈ పనిలో ఒక విచిత్రం ఉంది. చేసేవాడు కెమెరాలోంచి చూడడు. అందులోంచి చూసేది కెమెరామన్. నేను పక్కన నిలబడి, ఒక కన్ను ఆర్టిస్టు మీద, ఒక కన్ను రింగు మీద పెట్టి చేత్తో తిప్పుతాను. నా పని ఎలా వచ్చిందో నేను చూసుకునేది ఎప్పుడో తర్వాత, థియేటర్లో, అందరితో పాటు కూర్చుని. అందుకే మాకు కంటి మీద కంటే టేపు మీద నమ్మకం ఎక్కువ. కన్ను పొరబడొచ్చు గానీ టేపు పొరబడదని నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి అసిస్టెంటుకీ చెప్పాను. కొందరికి నెత్తిన మొట్టి మరీ చెప్పాను.

ఇప్పుడు ఎక్కడో టెంటులో కూర్చుని మానిటర్ చూస్తూ వైరు కూడా లేకుండా ఫోకస్ తిప్పేస్తున్నారు. బాగానే తిప్పుతున్నారు, కాదనను. కానీ నేను టేపు తీసినప్పుడు సెట్లో నవ్వడం మొదలయ్యాక నాకు చిరాకేసింది. ఒక సినిమా షూటింగ్ పూర్తయి గుమ్మడికాయ కొట్టేశాక ఇంటికొచ్చి, ఇక చాలన్నాను. కోపంతో మానేశానని మా ఆవిడ అనేది. మోకాళ్ళ నొప్పులతో మానేశానని నేను అనేవాణ్ణి. రెండూ నిజమే.

మేం ఉండేది జూబ్లీ హిల్స్‌లో అంటే మా ఊరివాళ్ళు ఇప్పటికీ నోరు తెరుస్తారు. బంగళా మాది కాదు, బంగళా వెనకున్న రెండు గదులు మావి. అవి కూడా మావి కావు. ఒకప్పుడు నేను పనిచేసిన సినిమాలు తీసిన నిర్మాత, ఇల్లు ఖాళీగా ఉంటే పాడైపోతుంది, వెనక మీరుండి చూసుకోండి అన్నారు. ఆయన కుటుంబం ఎప్పుడో పండక్కో పెళ్ళికో వచ్చి పోతుంది. మిగతా రోజుల్లో ముందువైపు వాచ్‌మన్, వెనకవైపు మేం. ఎదురు బంగళాని షూటింగులకిస్తారు. అక్కడ జనరేటర్ వ్యాన్ మోగడం మొదలుపెడితే మా ఆవిడ గిన్నెలు తోముతూ కాసేపు ఆగేది. ఏ పాటో ఏమో అనేది.

పెరట్లో ఒక నేరేడు చెట్టు, ఒక మునగ చెట్టు, ఇల్లు కట్టేటప్పుడు పగలగొట్టకుండా వదిలేసిన ఒక పెద్ద రాతిగుండు ఉన్నాయి. ఒకవైపు ప్రహరీ గోడ, రెండో వైపు మా వంటిల్లు. వంటింటి గుమ్మం కింద ఒకే ఒక సిమెంటు మెట్టు. గోడకీ మెట్టుకీ మధ్య బట్టలారేసే దండెం, దానికి ఇనుప గుంజ. నేను చెప్పబోయేదంతా ఆ కాస్త చోటులోనే జరిగింది.

మా ఆవిడ గ్రూప్ డాన్సర్. బోరబండ మనిషి. నేను గోదావరి వైపు వాణ్ణి. ఆవిడ నన్ను ఏమండీ అని ఒక్కసారి కూడా పిలవలేదు. ‘ఇగో’ అనేది. పెళ్ళయిన కొత్తలో మా అమ్మ ఆ పిలుపు విని రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. తర్వాత అలవాటు పడి, ఇగో ఎక్కడికెళ్ళాడే అని తనే అడిగేది.

పొడుగు మనిషి కాబట్టి పాటల్లో ఆవిడ ఎప్పుడూ వెనక వరసలో ఉండేది. డాన్స్ మాస్టర్లు వరసలు కట్టేటప్పుడు పొట్టివాళ్ళని ముందు, పొడుగువాళ్ళని వెనక నిలబెడతారు. పాటకు రంగు మారేది, చీర మారేది, మాస్టర్ మారేవాడు, ఆవిడ మూడో వరస మాత్రం మారేది కాదు. మొదటి వరసకి ముందు హీరోయిన్ ఉంటుంది. నా టేపు హీరోయిన్ కంటి దగ్గర ఆగిపోతుంది.

ఒక్కసారి ఆగలేదు. ఒక సినిమాలో హీరోయిన్ కూడా పొడుగే. ఆమె మేకప్‌లో ఉండగా లైట్లు సరిచూసుకోవడానికి అంత ఎత్తున్న మనిషి కావాలంటే, మాస్టర్ మూడో వరసలోంచి ఈవిడని పిలిచి ముందు నిలబెట్టాడు. నేను టేపు లాగి ఆవిడ కంటి పక్కన పట్టాను. సెట్లో హీరోయిన్ల ముందు మేం ఊపిరి కూడా బిగబట్టి పనిచేసేవాళ్ళం. ఈవిడ మాత్రం కన్నార్పకుండా నన్నే చూసి, “జర సూస్కొని పట్టు. కన్ను పోతె మల్ల దొర్కది,” అంది. అంకె రెండోసారి చదవాల్సి వచ్చింది.

లైటింగ్ అయ్యాక హీరోయిన్ వచ్చింది, ఈవిడ వెనక్కి వెళ్ళిపోయింది, కెమెరా తిరిగింది. తర్వాత చాలా సినిమాల్లో అలా నిలబెట్టారు. ఆవిడ ఫోకస్‌లో ఉన్నంతసేపూ కెమెరా ఆగి ఉండేది. కెమెరా తిరిగేసరికి ఆవిడ మూడో వరసలో మసకలో ఉండేది. ఆ మసక పెట్టేది నేనే. అది నా ఉద్యోగం. ముందు మొహం స్పష్టంగా ఉండి వెనక కలిసిపోతేనే పని బాగా చేసినట్టు.

పెళ్ళయ్యాక థియేటర్లో ఆ పాటలు వస్తుంటే పక్క సీట్లోంచి మోచేత్తో పొడిచేది. “గాడ ఎడమ దిక్కు ఆకుపచ్చగ కనవడ్తలేదా? గది నేనే,” అనేది. నాకు ఆకుపచ్చ కనబడేది, మనిషి కనబడేది కాదు. నా మొగుడు మంచి పనిమంతుడని అందరితో చెప్పుకోవచ్చు, పెండ్లాన్ని ఎంత బాగా కలిపేసిండో చూడమని చూపించొచ్చు అని ఏడిపించేది. ఇంటికొచ్చేదాకా అదే పాట. కోపం ఉండేది కాదు ఆ మాటల్లో. మా ఇద్దరి మధ్య అదొక ఆట.

నేను పని మానేసిన తర్వాతి చలికాలం ఆవిడకు ఆయాసం మొదలైంది. గుండె బలహీనపడిందన్నారు. మందులు వాడుతూ జాగ్రత్తగా ఉంటే చాలన్నారు. జాగ్రత్తగా ఉండడమంటే ఆవిడకి చేతకాని పని. బజారుకి వెళ్ళొద్దు, బరువులెత్తొద్దు అంటే, పొద్దున్నే ఎండ పడే వంటింటి మెట్టు మీద కూర్చోవడం అలవాటు చేసుకుంది. టీ గ్లాసు పక్కన పెట్టుకుని, చాటలో బియ్యమో, చిక్కుడు కాయలో వేసుకుని కూర్చునేది. దండెం గుంజ మీద వాలే లకుముకి పిట్టని మొదట చూసింది ఆవిడే.

లకుముకి నీళ్ళ దగ్గరే ఉంటుందనుకుంటాం. ఇక్కడ చెరువూ లేదు కుంటా లేదు, ఇది పెరట్లో తొండల కోసం, మిడతల కోసం వచ్చేది. రోజూ అదే వేళకి, అదే గుంజ మీద, అదే వైపు తిరిగి కూర్చునేది. ఎర్రటి ముక్కు, తెల్లటి గుండె, ఇటుక రంగు తల. వీపు మీద ఎండ పడినప్పుడు ఆ నీలం చూసి తీరాలి. “పట్టుచీరలకు గూడ గా రంగు రాదు,” అంది మా ఆవిడ. గోడకున్న క్యాలెండర్ తీసేసి అక్కడ దాని ఫొటో పెట్టుకుందామని, కెమెరావాణ్ణి చేసుకుని ఇన్నేళ్ళలో తను అడిగింది ఇదొక్కటేనని కూడా అంది. అది నిజం కాదు, చాలా అడిగింది. కానీ ఇది ఇవ్వాలనిపించింది.

ఇంట్లో మా అమ్మాయి కాలేజీ రోజుల్లో వాడిన డిజిటల్ కెమెరా ఉంది. దానికున్న లెన్సుతో తీస్తే పిట్ట బఠాణీ గింజంత వస్తోంది. దూరపు లెన్సు కావాలి. కొత్తవి కొనే తాహతు లేదు. కృష్ణానగర్ సందుల్లో సినిమా సామాన్లు అద్దెకిచ్చే దుకాణాలు, పాతవి అమ్మే దుకాణాలు నాకు కొత్త కాదు. ఒకచోట దుమ్ములో ఒక పాత లెన్సు దొరికింది. పేరు అరిగిపోయింది. స్క్రూల దగ్గర ఎవరో విప్పి బిగించిన గీతలున్నాయి. రింగు చేత్తోనే తిప్పాలి, తనంతట తను ఏమీ చెయ్యదు. అందుకే అంత చవక. కానీ దాని మీద దూరాలు అడుగుల్లో చెక్కి ఉన్నాయి. ఈ కాలపు లెన్సుల మీద అంకెలే ఉండవు. అంకెలు చూడగానే నా చేతికి ప్రాణం లేచొచ్చినట్టయింది. దుకాణమాయన, పాతదే గానీ గట్టిది, ఫికర్ చెయ్యకండ్రి అన్నాడు. నేను అసలు ఆయన మాట వినడం లేదు.

షూటింగ్ మొదలయ్యే ముందు ప్రతి లెన్సునీ గోడకు చార్టు అంటించి పరీక్షించడం మా రివాజు. పెరట్లో పిట్టకి పరీక్షలేమిటని నవ్వుకుని ఆ పని చెయ్యలేదు.

మర్నాటి పొద్దున ఎండ నా వీపు వైపు ఉండేలా ప్రహరీ గోడ పక్కన సెట్ నుంచి తెచ్చుకున్న పాత చెక్కపెట్టె వేసుకుని కూర్చున్నాను. స్టాండు మీద కెమెరా, కంటి అంచనాతోనే గుంజ కొసకి గురిపెట్టాను. పిట్ట రాకముందే లెన్సు నుంచి గుంజ కొస దాకా టేపు లాగాను. సరిగ్గా పన్నెండడుగులు. రింగుని పన్నెండు మీద పెట్టాను. ఇలా పిట్టకి నిలబడే చోటు కొలిచి మార్కు పెట్టినవాణ్ణి హైదరాబాదు మొత్తానికి నేనొక్కణ్ణే అయ్యుంటాను. గుంజకి అవతల, ఇంకో నాలుగడుగుల దూరంలో, మెట్టు మీద కూర్చుని మా ఆవిడ ఇదంతా చూసి నవ్వింది. హీరోయిన్ ఎన్ని గంటలకి వస్తుంది, కారు పంపినవా అని అడిగింది.

హీరోయిన్ వేళకే వచ్చింది. వచ్చి మార్కు మీద నిలబడింది. నేను కెమెరాలోంచి చూడలేదు. అలవాటు లేదు, అవసరమూ అనిపించలేదు. దూరం కొలిచాను, రింగు పెట్టాను, పిట్ట అక్కడే ఉంది. పిట్టని మామూలు కళ్ళతో చూస్తూ, చేతిలోని వైరు మీట నొక్కాను. ఎగిరిపోయాక తెర మీద చూస్తే పిట్ట మసకగా ఉంది.

“పిట్ట పడ్డదా?” అంది మా ఆవిడ. మీట నొక్కుతుండగానే ఒకసారి అడిగింది, ఇది రెండోసారి.

ఎన్జీ అన్నాను. నో గుడ్ అని, సినిమావాళ్ళ మాట.

ఆ చలికాలమంతా అదే జరిగింది. పిట్ట వచ్చేది, నేను నొక్కేవాణ్ణి, నీలపు మసక వచ్చేది. పిట్ట తల తిప్పుతోందనుకున్నాను. గాలికి గుంజ ఊగుతోందనుకుని దానికి తాడు కట్టాను. స్టాండు కింద ఇటుకలు పెట్టాను. లెన్సు అద్దం తుడిచాను. ప్రతి ఉదయం మళ్ళీ టేపు లాగి కొలిచాను. ప్రతిసారీ పన్నెండే వచ్చింది. టేపు సరే, రింగు సరే, మరి తప్పెక్కడుందో నాకు అంతు చిక్కలేదు. చవక సరుకు ఇంతేనని విసుక్కున్నాను. ఒక్కసారైనా కెమెరాలోంచి చూసి రింగు తిప్పి ఉంటే ఒక్క నిమిషంలో తేలిపోయేది. వేరేవాడెవడైనా అదే చేసేవాడు. ఫోకస్ పుల్లర్ చెయ్యడు.

తెర మీద కూడా నేను పిట్టనే చూసేవాణ్ణి. చిన్న తెర, పైగా ఎండ. పిట్ట మసకగా ఉందా, అయితే ఎన్జీ, ముందుకి. వెనకాల ఏముందో చూడడం నా పని కాదు. ఆ అలవాటు చాలా ఏళ్ళది. అయితే ఒక్క ఫొటో కూడా చెరిపెయ్యలేదు. మా దగ్గర ఎన్జీ షాటుని కూడా ఎడిటింగ్ అయ్యేదాకా పారెయ్యరు.

మా ఆవిడ మాత్రం రోజూ మెట్టు మీంచి అడిగేది. పడ్డదా? లేదు. పడ్డదా? ఎన్జీ. నీ టేపు మంచిదే, నీ పిట్టనే మంచిది గాదు అని నన్ను ఓదార్చేది. ఎండలు ముదిరాక పిట్ట రావడం మానేసింది. వచ్చే చలికి వస్తది, గప్పుడు పడ్తది తియ్యి అంది. కెమెరాని లెన్సుతో సహా గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను.

మొదటి వానలు పడుతున్నప్పుడు ఆవిడ పోయింది. పొద్దున టీ తాగి, కాసేపు పడుకుంటానని వెళ్ళి, లేవలేదు. అంతకంటే రాయను, రాయలేను.

పెద్దకర్మకి ఫొటో కావాలన్నారు. ఇంట్లో ఉన్న కెమెరావాణ్ణి నేను, నా దగ్గర ఫొటో లేదు. చివరికి ఆధార్ కార్డు మీదున్న బొమ్మని పెద్దది చేయించి దండ వేశారు. అందులో ఆవిడ ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంటుంది, కళ్ళు చెరో వైపు చూస్తున్నట్టుంటాయి. క్యాలెండర్ తీసేసి, లకుముకి కోసం అనుకున్న మేకుకే దాన్ని తగిలించారు.

ఫొటోలు అసలు లేవని కాదు. మా పెళ్ళి ఫొటోల్లో ఉన్నది ఇద్దరు చిన్నపిల్లలు. అమ్మాయి పెళ్ళి ఆల్బంలో ఉన్నది మెరుపు లైట్లకి కళ్ళు చికిలించిన పెళ్ళికూతురి తల్లి. సెల్‌ఫోన్ ఎత్తితే చాలు, మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. నేను వెనక లైన్ల దాన్ని, నాకెందుకు అనేది. ఆయాసం వచ్చాక చెంపలు కాస్త లోపలికి పోయి, జుట్టు ముందు భాగం తెల్లబడి, నవ్వితే ఒకవైపే గీత పడే ఆ మొహం, నేను రోజూ టీ తాగుతూ చూసిన మొహం, ఎక్కడా లేదు.

మా అమ్మాయి కూకట్‌పల్లి నుంచి ఆదివారాలు వస్తుంది. సంవత్సరీకం నాటికైనా ఆ ఫొటో మార్చాలి నాన్నా, అమ్మ అలా ఉండేది కాదు అంది. ఇద్దరం కూర్చుని తన ల్యాప్‌టాప్‌లో పాత పాటలు పెట్టాం. ఏ పాటలో ఆవిడ ఎక్కడుందో నాకు నోటికి వచ్చు. ఆపు, వెనక్కి, ఇంకొంచెం వెనక్కి, ఆపు. అదిగో ఎడమ వైపు ఆకుపచ్చ. అమ్మాయి దగ్గరికి లాగి చూసింది. దగ్గరికి లాగేకొద్దీ ఆకుపచ్చ పెద్దదయ్యింది, అంతే. ఇది ఎవరైనా కావచ్చు కదా నాన్నా అంది మెల్లిగా. ఒక పాట తర్వాత ఒక పాట చూశాం. హీరోయిన్ల కనురెప్పల మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, అంత బాగా చేశాను నా పని. అమ్మాయి ల్యాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అసలు నాకు భయం వేసింది వేరే సంగతికి. రోజూ గోడ మీదున్న కోపం మొహాన్ని చూసీ చూసీ, కళ్ళు మూసుకుంటే కూడా అదే వస్తోంది. అంతకు ముందు కళ్ళు మూసుకోగానే వచ్చే మనిషి రావడం లేదు. గొంతు వినబడుతోంది, ఇగో అనడం వినబడుతోంది, మొహం దగ్గరికి వచ్చేసరికి ఆధార్ కార్డు అడ్డం పడుతోంది. మనిషి పోవడం ఒక పోవడం, మొహం పోవడం ఇంకో పోవడం. రెండోది నా కళ్ళ ముందే జరుగుతోంది, ఆపడం నా చేత కావడం లేదు.

చలి మొదలయ్యాక ఒక పొద్దున గుంజ మీద అరుపు వినబడింది. అదే గట్టి కికికికి. వచ్చే చలికి వస్తది అన్న మాట నిజం చేసింది లకుముకి. నాకు దాని మీద కోపమొచ్చింది. అడిగినావిడ లేదు, ఇప్పుడెందుకు వచ్చావని. అయినా రెండు రోజులు పోయాక బీరువాలోంచి కెమెరా తీశాను. ఆవిడ అడిగింది కదా, ఇవ్వలేదు కదా అనిపించింది. అదే చెక్కపెట్టె, అదే టేపు, అదే పన్నెండు. పిట్ట వచ్చింది, నొక్కాను, ఎగిరిపోయింది.

తెర మీద చూశాను. ఎప్పట్లాగే నీలపు మసక. ముందుకి వెళ్ళబోయి ఆగాను. పిట్ట పక్కన, వెనకాల, మెట్టు కనబడుతోంది. ఖాళీ మెట్టు. ఆవిడ లేదు కాబట్టి నా కన్ను అక్కడికి పోయింది. ఆవిడ కూర్చుని ఉన్నంత కాలం పోలేదు. మెట్టు అంచు దగ్గర సిమెంటు పగులు సన్నటి దారంలా కనబడుతోంది. పగుల్లో వెళ్తున్న చీమలు కూడా. మెట్టు మీద టీ గ్లాసు పెట్టీ పెట్టీ పడిన గుండ్రటి మచ్చ, దాని మీద ఇంకో మచ్చ, అంచులతో సహా స్పష్టంగా ఉన్నాయి. గ్లాసు ఇప్పుడే ఎవరో తీసినట్టున్నాయి.

ముందు నా ఉద్యోగం లేచింది. పిట్ట మసక, మెట్టు స్పష్టం, అంటే ఫోకస్ వెనక పడింది. టేపు తీసి లెన్సు నుంచి మెట్టు దాకా కొలిచాను. పదహారు. రింగు చూశాను, పన్నెండు దగ్గరే ఉంది. అంటే రింగు మీద పన్నెండని ఉన్నచోట ఈ లెన్సు పదహారు చూస్తోంది. ఎవరో విప్పి తుడిచి, మళ్ళీ బిగించేటప్పుడు అంకెల పట్టీని పక్కకి బిగించేశారు. నేను దుకాణంలోనే ఆ గీతలు చూశాను. ఇంతకాలం టేపు నిజమే చెప్పింది, రింగే అబద్ధం చెప్పింది. అంకెలుంటే చాలని నేను కొన్న లెన్సులో అంకెలే తప్పు.

ఉద్యోగం అక్కడిదాకా ఆలోచించి ఆగిపోయింది. టేపు చుట్టి జేబులో వేసుకున్నాను. పెట్టె మీద కూర్చున్నాను. పదహారడుగుల దగ్గర కిందటి చలికాలం అంతా ఎవరు కూర్చున్నారు?

కెమెరాలో మెమొరీ కార్డు అదే. మధ్యలో ఎవరూ వాడలేదు. వెనక్కి వెళ్ళే బొత్తాం మీద వేలు పెట్టి చాలాసేపు నొక్కలేదు. లేకపోతే? నేను అనుకున్నట్టు కాకపోతే? ఆ ఒక్క ఆశ కూడా పోతుందని భయం. పెరట్లో ఎవరూ లేరు, ఎదురింట్లో జనరేటర్ మోగుతోంది. నొక్కాను.

ఒక్క నొక్కుకి ఖాళీ మెట్టు మీదికి ఆవిడ వచ్చి కూర్చుంది.

అది కిందటి చలికాలం చివర, ఎండలు ముదిరే ముందు తీసిన ఆఖరి ఫొటో. బాగా చిక్కిపోయి ఉంది, చేతిలో చాట కూడా లేదు, ఊరికే మోకాళ్ళ చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. ముందు నీలపు మసక, వెనక ఆవిడ. కనుబొమ్మలో తెల్ల వెంట్రుక కూడా కనబడుతోంది. ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి. నేను వెనక్కి వెళ్తున్నాను కదా, నొక్కేకొద్దీ ఆవిడ కోలుకుంటోంది. భుజాల మీది శాలువా పోయింది. చెంపలు నిండాయి. ఒళ్ళోకి చాట వచ్చింది. చిక్కుడు కాయలు వలుస్తోంది, తల దువ్వుకుంటోంది, కునుకు తీస్తోంది, ఎవరితోనో కాదు తనలో తనే నవ్వుకుంటోంది. మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు ఎక్కడా. తనని తీస్తున్నానని తనకి తెలియదు. నాకూ తెలియదు.

అన్నిట్లోనూ ముందున్నది మసకగా, వెనకున్నది స్పష్టంగా ఉన్నాయి. ఉద్యోగంలో ఉండగా నేను ఇలా ఒక్క షాటు చేసినా ఆ సాయంత్రమే ఇంటికి పంపేసేవాళ్ళు.

అందులో ఒకటి ఇప్పుడు గోడ మీద ఉంది. ఫొటో స్టూడియో ఆయన, ముందున్న నీలం మచ్చని తీసేస్తాను సార్, అసలు తెలియకుండా చేస్తాను అన్నాడు. మా అమ్మాయి, వద్దు, అది అమ్మ అడిగిన పిట్ట అని చెప్పింది. గోడ మీది కోపం బొమ్మ తిరిగి ఆధార్ కార్డులోకి పోయింది. కళ్ళు మూసుకుంటే మళ్ళీ మా ఆవిడే వస్తోంది. వచ్చినప్పుడల్లా పక్కన లేదనే సంగతి కూడా వస్తోంది. ఫొటో దొరికితే బెంగ తగ్గుతుందనుకున్నాను, తగ్గలేదు. ఎవరి కోసం బెంగో ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది, అంతే తేడా.

ఆ పొద్దున ఇవేవీ ఇంకా జరగలేదు. పెట్టె మీద కూర్చుని నొక్కుతూ పోతే చివరికి మొదటి రోజు ఫొటో వచ్చింది. అందులో ఆవిడ తిన్నగా లెన్సులోకి చూస్తోంది. ఒకవైపు గీత పడేలా నవ్వుతూ, నోరు కాస్త తెరిచి, ఏదో అంటూ ఉంది. ఏమంటోందో నాకు తెలుసు. రోజూ అడిగిందే, రోజూ నేను లేదని చెప్పిందే.

తలెత్తి మెట్టు వైపు చూశాను. ఎండ సరిగ్గా టీ గ్లాసు మచ్చ మీద పడుతోంది.

“పడ్డది,” అన్నాను.